మీటరు పక్కన నోటుబుక్కు

విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రిక్ కార్లకు ఛార్జింగ్ పాయింట్లు బిగించే షెడ్డు ఒకటుంది, చూసి రాయమన్నారు మా ఎడిటర్ గారు. నేను వెంటనే సరేనన్నది మా బావ కోసం. వాళ్ల అపార్ట్‌మెంటులో ఆయన కారు కామన్ మీటరు మీద ఛార్జింగ్ అవుతోంది. ఆరు నెలలుగా దాని మీద గొడవ. నెలకు రెండు వేలని అసోసియేషన్ వాళ్లు ఒక అంకె వేశారు. ఎక్కువని బావ, తక్కువని పొరుగువాళ్లు. ఆ రెండు వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎదురుబొదురు ఇళ్లవాళ్లు మాటలు మానేశారు.

షెడ్డు యజమాని కొత్త ఛార్జర్లన్నీ చూపించబోయాడు. నా కళ్లు వెనక బల్ల దగ్గరే ఆగిపోయాయి. అరవై దాటిన మేస్త్రి గారొకరు చెక్క పలక మీద రెండు మీటర్లు పక్కపక్కన బిగించి, వాటి ఎర్ర లైట్ల వంక చూస్తూ కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. పలకరించబోతే ఎడమ చెయ్యెత్తి ఆగమన్నారు. లెక్క పూర్తయ్యాక గానీ తల తిప్పలేదు.

"పల్సులమ్మా. ఇదిగో, ఇక్కడ 3200 అని ఉంది చూడు. ఈ లైటు అన్నిసార్లు కొట్టుకుంటే ఒక యూనిట్టు. 32 సార్లు కొట్టుకుంటే యూనిట్టులో నూరో వంతు. వెయ్యి వాట్ల లోడు పెడితే అది 36 సెకన్లలో అవ్వాలి."

లోడు అంటే బల్ల కింద ఎర్రగా కాలుతున్న పాత హీటరు కాయిల్. వోల్టేజీ నిలకడగా ఉండదు కనక ఆయన గడియారాన్ని నమ్మరు. ముందే సరిచూసి పెట్టుకున్న మీటరు గుండా, కొత్త మీటరు గుండా అదే కరెంటు పంపిస్తారు. రెండూ ఒకే లెక్క చెప్పాలి. కంపెనీ నుంచి వచ్చే మీటరు ఒక శాతానికి మించి తేడా రాకూడదన్న ప్రమాణంతోనే వస్తుంది. అయినా ఈయన ప్రతిదాన్నీ గంటసేపు నడిపి చూశాకే గోడకు బిగిస్తారు. అడిగి చేయించుకునేవాళ్లు లేరు, అదనంగా ఇచ్చేవాళ్లూ లేరు. ఆ గంటంతా ఆయన పక్కనే కూర్చున్నాను. ఈ మధ్య ఏ ఆఫీసులోనూ ఇంత శ్రద్ధ నాకు కనిపించలేదు.

పాత మీటర్లలో తిరిగే అల్యూమినియం చక్రం రోజుల నుంచీ ఆయనది ఇదే పని. చూపుడు వేలి చివర చర్మం గట్టిపడి నల్లబడింది. వైరు స్క్రూ కింద పెట్టి బిగించాక ఆ వేలితో ఒకసారి లాగి చూస్తారు. మర్నాడు వెళ్లి మళ్లీ బిగిస్తారు. వేడెక్కి చల్లారితే రాగి సర్దుకుంటుందట, పట్టు వదులవుతుందట. "మిక్సీ రెండు నిమిషాలు తిరుగుద్ది, గీజరు పావుగంట. కారు రాత్రంతా లాగుద్దమ్మా" అంటూ సొరుగులోంచి ఒక సాకెట్టు తీసి నా చేతిలో పెట్టారు. ఒక పక్కంతా కరిగి, బొగ్గులా ఉంది. సన్న వైరు మీద, ఎర్తింగ్ సరిగా లేని చోట ఎవరో రాత్రి పెట్టి పడుకున్న ఛార్జింగ్ తాలూకుది.

బావ సంగతి చెప్పాను. "కారులో పర్సెంటు చూపిస్తుంది కదా, దాన్నిబట్టి లెక్క కట్టలేమా?" అని అడిగాను. ఆయన ఒక పాత నెక్సాన్ ఈవీ లెక్క చూపించారు. దాని బ్యాటరీ 30.2 యూనిట్లు పట్టేది. 20 శాతం నుంచి 80 శాతానికి ఎక్కిస్తే లోపలికి చేరాల్సింది 18 యూనిట్ల పైచిలుకు. ఆ రాత్రి గోడ మీటరులో తిరిగింది 20.6. మిగతా రెండున్నర దొంగతనం కాదు, మీటరు తప్పూ కాదు. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును కారులోని ఛార్జరు డీసీగా మారుస్తుంది. ఆ మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. ఛార్జింగ్ అయినంతసేపూ లోపలి కంప్యూటర్లు, చల్లబరిచే పంపు మేలుకుని ఉండాలి, వాటికి కొంత. సన్న ప్లగ్గుకు పెట్టి నెమ్మదిగా ఎక్కిస్తే ఆ మేలుకునే గంటలు పెరుగుతాయి, వృథా కూడా పెరుగుతుంది. తెరమీద పర్సెంటు ఇదేదీ చెప్పదు. బిల్లు వచ్చేది గోడ మీటరును బట్టే.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. లక్షలు పోసి కారు కొంటున్నాం. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్రం 2018లోనే మార్గదర్శకాలిచ్చింది. కారు అమ్మేవాళ్లు రేంజి గురించి గంట చెబుతారు. ఒక చిన్న సబ్ మీటరు పెట్టించుకోండని మా బావకు ఒక్కరూ చెప్పలేదు. దాని ఖరీదు కారు టైరు ధర కన్నా తక్కువ.

కొలవకుండా వదిలేసిన కరెంటు ఎన్ని తగాదాలు పెడుతుందో మన రాష్ట్రాలకు కొత్తగా చెప్పాలా? పంపుసెట్లకు హార్స్‌పవర్ లెక్కన బిల్లు వేసిన రోజుల్లోనే బావుల దగ్గర మీటరు పోయింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు ఉచితంగా ఇవ్వడం న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. ఉచితం అన్నంత మాత్రాన కొలత ఎందుకు పోవాలి? ఇప్పటికీ సేద్యానికి పోయే కరెంటు చాలావరకు అంచనా లెక్కే. మీటరు పెడతామంటే రైతు భయపడతాడు, పెట్టకపోతే కరెంటు సంస్థల నష్టమంతా అతని ఖాతాలోకి నెడతారు. కొలత ఉండి ఉంటే అది రైతుకే సాక్ష్యమయ్యేది. కార్ల విషయంలోనూ అదే దారిన పోతున్నాం.

మేస్త్రి గారి దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరికీ ఫోనులో ఛార్జింగ్ యాప్ తెరవడం వచ్చు. పల్సులు లెక్కపెట్టడం నేర్చుకుంటామని ఇంకా అడగలేదు. "యాప్ తప్పని కాదమ్మా. అది తప్పు చెప్తే పట్టుకునేవాడు ఒకడుండాలి" అన్నారాయన, మీటరు మూత బిగిస్తూ.

మర్నాడు ఆయనే వచ్చి బావ పార్కింగులో 4 స్క్వేర్ రాగి వైరు లాగి, ఎర్తింగ్ సరిచూసి, మీటరు బిగించారు. దాని పక్కన దారంతో ఒక నోటుబుక్కు వేలాడదీశారు. తేదీ, రీడింగు, కారు తిరిగిన కిలోమీటర్లు, అంతే. మొదటి నెల 143 యూనిట్లు, 900 కిలోమీటర్లు. అసోసియేషన్ కార్యదర్శి, బావ ఇద్దరూ ఆ పేజీ కింద సంతకం పెట్టారు. రెండు వేల మాట మళ్లీ రాలేదు.

మీ ఇంట్లో ఎలక్ట్రిక్ కారు గానీ స్కూటరు గానీ ఉంటే, ఈ రాత్రి ఛార్జింగ్ పెట్టే ముందు మీటరు రీడింగు రాసుకోండి. పొద్దున తీశాక మళ్లీ రాసుకోండి.