తొడిగేవి, తీసేవి

ఉగాదికి ఒక జత, దీపావళికి ఒక జత బట్టలు కొనే మన ఇళ్ళలో ఇప్పుడు మూడవ జత ఒకటి వచ్చి చేరింది. అది పిల్లల ఫుట్‌బాల్ దుస్తులు. బెంగుళూరులో మూడు తరాలుగా ఉంటున్న మా ఇంటినుండి కూడా ఇద్దరు, పన్నెండేళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆదివారం తెల్లవారేసరికి మైదానం దారి పడతారు. వారి వెంట పోయి గట్టున కూర్చునే పని మాది. రెండేళ్ళుగా అలా కూర్చున్నమీదట తెలిసివచ్చిన సంగతులు తోటి తల్లులకు చెబుదామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నిజానికి ఈ ఆటకు కావలసిన సామాను బహు స్వల్పం. ప్రపంచమంతటా పాటించే ఫుట్‌బాల్ నియమావళిలో నాలుగవ నియమం అయిదే వస్తువులు తప్పనిసరి అంటుంది: చేతులున్న చొక్కా, నిక్కరు, మేజోళ్ళు, షిన్ గార్డులు, బూట్లు. రెండు జట్ల రంగులు వేరువేరుగా ఉండాలి. గోలు కాసేవారి రంగు తక్కిన అందరికంటె వేరుగా ఉండాలి. అంతే. జెర్సీ వెనుక ఏ ఆటగాడి పేరు ఉండాలో నియమం చెప్పదు. మన పిల్లలు మాత్రం ముందుగా అడిగేది అదే!

అయిదింటిలో అందరూ చివరకు తలచుకొనేది షిన్ గార్డులను. మేము మొదట చేర్పించిన ఒక శిక్షణ శిబిరంవారు సొమ్ము తీసుకొని ఒక సంచి ఇచ్చారు. అందులో జెర్సీ ఉంది, టోపీ ఉంది, నీళ్ళ సీసా ఉంది. షిన్ గార్డులు లేవు. అడిగితే, "చిన్నపిల్లలు గదండీ, ఎందుకు?" అన్నారు. రెండవ వారమే మరొక పిల్లవాని బూటు తగిలి మావాడి కాలు నల్లగా కమిలిపోయింది. మోకాలి కింద ముందువైపు ఎముకకు కండ అడ్డం లేదు. చర్మం కిందనే ఎముక. అక్కడ పడిన దెబ్బను ఈ గట్టి బిళ్ళ ఒక్క చోట నిలువనీయక చుట్టూ పరచివేస్తుంది. ఎముక ఎన్నడూ విరగదని కాదు గాని, చాలా దెబ్బలు దానితోనే పోతాయి. 1990 నుండి దీనిని తప్పనిసరి చేసింది ఇందుకే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. "ఎదిగే పిల్లలు, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అనడం మనకు అలవాటు. గౌనుకు అది చెల్లుతుంది గాని దీనికి చెల్లదు. చీలమండ మడతకు కొంచెం పైనుండి మోకాలికి రెండంగుళాల దిగువ వరకు కొలిచి కొనాలి. పెద్దదైతే పరుగులో పక్కకు తిరిగి, దెబ్బ తగిలే చోటనే ఉండదు. దానిమీద మేజోడు పూర్తిగా కప్పి ఉండాలి. బూట్లూ అంతే. వదులు బూటు కాలిని బొబ్బలెక్కిస్తుంది, మడమను మడతపెడుతుంది.

"మా రోజుల్లో వట్టికాళ్ళతోనే ఆడేవాళ్ళం. ఈ హంగులెందుకు?" అన్నారు మా మామగారు. ఆయన మాటలో అబద్ధం లేదు. 1911లో మోహన్ బగాన్ జట్టు ఒక్కరు తప్ప అందరూ వట్టికాళ్ళతో ఆడి తెల్లవారి సైనిక జట్టును ఓడించింది. 1948 లండన్ ఒలింపిక్సులో మనవాళ్ళలో చాలామంది పాదాలకు బూట్లు లేకుండానే ఫ్రాన్సుతో తలపడి, రెండుకు ఒకటిగా మాత్రమే ఓడారు. ఆ ఒక్క గోలు చేసిన సారంగపాణి రామన్ మా బెంగుళూరివారే. కాని 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా ఓడిన తరువాత మన దేశంలోనూ బూట్లు తప్పనిసరి అయ్యాయి. హైదరాబాదు రహీంగారు తీర్చిదిద్దిన జట్టు 1956లో మెల్‌బోర్నులో నాలుగవ స్థానం పొందింది. ఇదంతా చెప్పిన తరువాత మామగారు ఏమీ అనలేదు. ఇప్పుడు మనుమడి బూట్ల తాళ్ళు జారకుండా కట్టడం ఆయనే నేర్పుతున్నారు.

తొడగడం ఇంత సులువు, తీయడమే కష్టం. గొలుసు, ఉంగరం, గాజులు, చెవికమ్మలు, తోలుపట్టీ, రబ్బరుపట్టీ, ఏ నగా మైదానంలో పనికిరాదు. పైన ప్లాస్టరు అంటించినా రెఫరీ ఒప్పుకోరు. అది కూడ నియమంలోనే ఉంది. మా అమ్మాయి కమ్మలు తీయబోతే అత్తగారు అడ్డుపడ్డారు. "ఆడపిల్ల బోడిచెవులతో వీధిలోకి పోతుందా?" అన్నారు. మెడలోని తాయెత్తు దగ్గర మరీ బాధపడ్డారు. "అది కట్టిందే బిడ్డకు దెబ్బ తగలకూడదని గదమ్మా!"

ఆ మాటకు మాకు జవాబు దొరకలేదు. జవాబు చెప్పింది అమ్మాయే. "అవ్వా, నాకేం కాదులే. ఎదురుగా వచ్చే పిల్ల వేలు నా తాడులో ఇరుక్కుంటే?" అంది. అత్తగారు కాసేపు ఊరుకొని, తన చేత్తోనే తాయెత్తు విప్పి దేవుని గూటిలో పెట్టారు. ఆట ముగించి వచ్చాక తిరిగి ఆమే కడతారు. ఈ నియమాలలో సగం మన బిడ్డకోసం, సగం ఎదుటి తల్లి బిడ్డకోసం అని మాకు అప్పుడే స్పష్టంగా తెలిసింది.

చెవులు కుట్టించదలచినవారు వేసవి సెలవుల మొదట్లోనే కుట్టిస్తే మంచిది. కొత్త రంధ్రం మానడానికి ఆరు వారాలైనా పడుతుంది. అందాకా కమ్మ తీయరాదు, తీయనిదే ఆడరాదు. కళ్ళజోడు ఉన్న పిల్లలకు గాజు అద్దాలు వద్దు. ఆటలకని పట్టీతో చేసిన ప్లాస్టిక్ అద్దాలు దొరుకుతాయి.

చివరిగా ఒక మనవి. ఎదిగే పిల్లల కాళ్ళకు ఏడాది తిరక్కుండానే బూట్లు బిగుతవుతాయి. అటకమీద పడేయకుండా, పగుళ్ళు లేని షిన్ గార్డులతో సహా తుడిచి సంఘానికి తెచ్చి ఇస్తే, కొనలేని ఇంటి పిల్లవాడు ఒకడు గట్టున కూర్చోకుండా మైదానంలోకి దిగుతాడు. మా ఇంటినుండి రెండు జతలు సిద్ధంగా ఉన్నాయి.