మే మెరుగని మా సభ

మేము ఉన్నతపాఠశాలలో ఇరువది సంవత్సరములుగా పౌరశాస్త్రము బోధించుచున్నాము. రిప్పన్ ప్రభువు 1882లో గావించిన తీర్మానము, బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో నిచ్చిన నివేదిక, 1993లో అమలునకు వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగసవరణము, వీనిని బాలురచే కంఠస్థము చేయించి వారికి మార్కులను, మాకు మంచిపేరును సంపాదించితిమి. అట్టి మేము మా గ్రామసభకు ఒక్కమారైనను పోయియుండలేదు. ఎవరైనను పిలిచినప్పుడు గదా పోవుట యని యనుకొనెడివారము. గ్రామపు వోటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును ఆ సభకు సభ్యులే యని రాజ్యాంగపు 243వ అధికరణము చెప్పుచున్నది. ఆ మాటను ఏటేట నల్లబల్లమీద వ్రాయుచున్నది మేమే.

2023 వేసవిలో మండలకేంద్రమున గ్రామస్థులకు మూడుదినముల శిక్షణము జరిగినది. వార్డుసభ్యులు, పొదుపుసంఘముల స్త్రీలు, కొందరు కౌలురైతులు వచ్చిరి. ఉపన్యాసము లుండునని మేము కాగితములు, కలము తీసికొనిపోయితిమి. శిక్షకురాలు మా చేతికి ముగ్గుపిండి డబ్బా నిచ్చి, "మాస్టారూ, మీ ఊరు గీయండి" అనెను.

గీసితిమి. రామాలయము, బడి, పంచాయతీ కార్యాలయము, మా వీథి, చెరువు, అన్నియు చక్కగా నమరినవి. కుంకుమతో కొళాయిలు గుర్తించుచుండగా ఒక ముసలమ్మ వంగి చూచి, "మా పేట ఏదండీ, పంతులుగారూ?" అని యడిగినది. లేదు. చెరువుగట్టున కావల అరువది యిండ్లున్నవి. అచ్చటినుండి మా తరగతికి వచ్చు పిల్లల పేర్లన్నియు మాకు తెలియును. వారి వీథి యెటు తిరుగునో తెలియదు. ఆమె మా చేతిలోని పిండి తీసికొని తానే గీసినది. గట్టుమీది కొళాయినుండి తమ చివరి యింటికి ఎన్ని యడుగులో తడుముకొనకుండ చెప్పినది. బిందె మోసిన లెక్క యది.

రెండవనాడు ఇంటిపన్ను పుస్తకములను ముందుంచి, డిమాండు, వసూలు, బాకీ యను గడులను చదువుట నేర్పిరి. పాణిని సూత్రములకంటె ఇది సులువే యని మా పద్దు వెదకితిమి. అందు మా యిల్లు పెంకుటిల్లుగా నున్నది! దానిని పడగొట్టి రెండంతస్తుల డాబా కట్టి అప్పటికి తొమ్మిదేండ్లు. పన్ను తక్కువగా నున్నదని సంతోషించితిమే కాని, ఏల తక్కువయో యెన్నడును విచారింపలేదు. ప్రక్కన కూర్చున్న కౌలురైతు రేకులయింటి పన్నుకును మా పన్నుకును భేదము స్వల్పము. అతడు రెండంకెలను చూచి యేమియు ననలేదు. ఏదైన ననియున్న బాగుండెడిది.

మూడవనాడు మాదిరి గ్రామసభ. కార్యదర్శి వేషము మాది. ఊరిముందర స్వాగతద్వారము కట్టవలెనని కొందరు పట్టుబట్టిరి. పదునైదవ ఆర్థికసంఘము 2021-26 సంవత్సరములకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కట్టుబడినవే. తక్కినది సిబ్బంది జీతములకు వాడరాదు. ఇది చదివి వినిపించితిమి. "అయితే ద్వారమునకు సొమ్మెక్కడిది?" అని యొకరు. "సొంత రాబడినుండి." "సొంత రాబడి యెక్కడిది?" "ఇంటిపన్నునుండి" అనుచుండగానే మా గొంతు సన్నగిల్లినది. సభలో అందరును నవ్విరి. నవ్వనివారము మే మొక్కరమే.

ఆగస్టులో నిజమైన గ్రామసభ జరిగినది. వేలమంది వోటర్లున్న యూరిలో డెబ్బదిమందియైనను రాలేదు. వచ్చినవారిలో స్త్రీలే యెక్కువ. మా యింటిని మరల కొలిచి పన్ను నిర్ణయింపుడని కార్యదర్శికి అర్జీ యిచ్చితిమి. మా వీథిలో డాబాలు పెక్కు. కొలతబద్ద మా గుమ్మముతో నాగునా? ఇద్దరు పొరుగువారు ఆనాటినుండి మాతో మాటలు మానిరి. మా యింటిలోను రెండుదినములు మౌనమే. ముసలమ్మ లేచి తమ పేటకు గొట్టము కావలెననగా, అడుగుల లెక్క మేము చెప్పితిమి. ఆమె మధ్యలో ఆపి దానిని సవరించినది. ఆ కోరిక తీర్మానముల పుస్తకములో మూడవదిగా నెక్కినది. గొట్టము మాత్ర మింకను రాలేదు.