నాలుగు రకాలు చాలు

బీరు కాచే సామాన్లు అమ్మే కొట్లో ఫ్రిజ్ ముందు నిలబడితే ఏది తీసుకోవాలో ఓ పట్టాన తోచదు. సిట్రా, మొజాయిక్, సిమ్కో, అమరిల్లో, సెంటెన్నియల్, చినూక్... వరసగా హాప్ పువ్వుల వెండిరంగు ప్యాకెట్లు, ఒక్కోటీ ఔన్సు, అంటే 28 గ్రాములు. మా సియాటిల్‌లో ఈ మధ్య ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టిన తెలుగు మిత్రులు తలా ఒక ప్యాకెట్ తెచ్చి, నాలుగైదు రకాలు ఒకే కాపులో కలిపేస్తున్నారు. బీరు బాగానే వస్తుంది. ఏ రుచి దేనివల్ల వచ్చిందో మాత్రం తెలియదు. వాళ్ళకు నేను చెప్పేదొక్కటే: నాలుగు రకాలు ఎంచుకోండి, వాటితోనే కొన్నేళ్ళు కాపురం చెయ్యండి.

1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు. ఉద్యోగం చేసుకునే మనిషికి నెలకు 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు కాయడమే ఎక్కువ. ఏడాదికి పన్నెండు కాపులు. ఆ పన్నెండింటిలో వంద రకాల హాప్స్‌ను తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు.

హాప్ పువ్వును నిలువునా చీల్చి చూడండి. రేకుల మొదట్లో పసుపుపచ్చని పొడి అంటుకుని ఉంటుంది. అదే లుపులిన్. బీరుకు చేదూ, వాసనా రెండూ అక్కడి నుంచే వస్తాయి. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు మరిగేకొద్దీ రూపు మారి కరుగుతాయి. వాసననిచ్చే నూనెలు అదే మరుగులో ఆవిరైపోతాయి. కాబట్టి చేదు కోసం వేసేది గంటసేపు మరగాలి, వాసన కోసం వేసేది చారు దింపాక కొత్తిమీర వేసినట్టు చివర్లో వెయ్యాలి.

చేదుకు నా ఎంపిక మాగ్నమ్. జర్మనీలో రూపొందిన రకం, ఆల్ఫా 12 నుంచి 14 శాతం. 19 లీటర్లకు 20 గ్రాములు వేస్తే పేల్ ఏల్‌కు సరిపడా శుభ్రమైన చేదు వస్తుంది. అదే చేదు సాజ్‌తో రప్పించాలంటే మూడు నాలుగు రెట్లు వెయ్యాలి. అంత ఆకు మరిగితే బీరులో పచ్చిగడ్డి రుచి దిగుతుంది.

అలాగని సాజ్‌ను వదులుకోలేను. చెక్ దేశంలో జాటెట్స్ పట్టణం చుట్టూ పండే హాప్ ఇది. ఆ తోటలనూ, పట్టణాన్నీ 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. 1842లో పిల్స్‌నర్ పుట్టింది దీనితోనే. మట్టివాసన, సన్నని ఘాటు, అంతే. లాగర్‌కు అంతకంటే ఏం కావాలి? ఇంగ్లిష్ ఏల్‌కు ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్. తేనె చాయలున్న ఆ నెమ్మదైన వాసన చలికాలపు సాయంత్రాలకు సరిగ్గా సరిపోతుంది.

నాలుగోది కాస్కేడ్. నిజానికి నా మనసులో మొదటిది ఇదే. ఆరెగాన్‌లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లండ్ ఫగుల్‌నూ, రష్యా సెరెబ్రియాంకానూ పూర్వీకులుగా పెట్టుకుని 1956లో మొదలుపెట్టిన పని 1972లో రైతుల చేతికొచ్చింది. 1975లో యాంకర్ బ్రూవరీ వాళ్ళ లిబర్టీ ఏల్, 1980లో సియెర్రా నెవాడా పేల్ ఏల్ దీనితోనే పేరు తెచ్చుకున్నాయి. అమెరికన్ బీరుకు తనదంటూ ఒక వాసన ఇచ్చిన హాప్ ఇదేనని నా నమ్మకం.

కొండలు దాటి రెండున్నర గంటలు కారులో వెళితే యాకిమా లోయ వస్తుంది. అమెరికా హాప్స్‌లో అధికభాగం అక్కడివే. సెప్టెంబరులో వెళ్ళండి. పద్దెనిమిది అడుగుల పందిళ్ళ మీద నుంచి తీగల్ని కోసి దించుతుంటారు. ఆరబెట్టిన కాస్కేడ్ పువ్వులు గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య గట్టిగా నలపాలి. చేతులు జిగురుతో అంటుకుపోతాయి. ముందు పంపరపనస తొక్క వాసన కొడుతుంది, కాసేపటికి పూలవాసన, ఆ వెనక సన్నగా పైన్ చెట్టు బంక. పెద్ద బ్రూవరీల వాళ్ళు ఏటా అక్కడికొచ్చి ఏ తోట పంట కొనాలో ఇలా నలిపి చూసే తేల్చుకుంటారు. ఒకే రకమైనా తోట తోటకూ తేడా ఉంటుంది. ఒక రకాన్ని ఎంతగానో ఎరిగినవాళ్ళకే ఆ తేడా అందుతుంది.

ఇంట్లో ఆ పరిచయం సంపాదించే దారి సులువే. పేల్ మాల్ట్, కాస్త క్రిస్టల్ మాల్ట్, అమెరికన్ ఏల్ ఈస్టు, చేదుకు మాగ్నమ్. వీటిలో ఏదీ మార్చకండి. చివర్లో వేసే హాప్ ఒక్కటే కాపు కాపుకూ మార్చండి. ప్యాకెట్ మీద పంట సంవత్సరం, ఆల్ఫా శాతం తప్పకుండా చూడండి. కాస్కేడ్‌లోనే అది నాలుగున్నర నుంచి ఏడు దాకా మారుతుంది. మిగిలింది గాలి తీసేసి ఫ్రీజర్‌లో పెట్టండి. జున్నుకంపు కొడితే పారేయండి.

సిట్రా సంగతేమిటని అందరూ అడుగుతారు. మామిడి, లిచీ, నిమ్మ వాసనలతో మనవాళ్ళకు ఇట్టే నచ్చుతుంది. గొప్ప హాప్, కాదనను. అయితే పక్కన ఏది వేసినా దాన్ని మింగేస్తుంది, అందుకే నా నాలుగింటిలో లేదు. మీకు మసకగా ఉండే ఐపీఏలే ఇష్టమైతే గోల్డింగ్స్ తీసేసి దాని స్థానంలో సిట్రా పెట్టుకోండి. మాగ్నమ్‌ను మాత్రం తీయొద్దు. అంత ఖరీదైన సిట్రాను చేదు కోసం గంటసేపు మరిగించడం దండగ.