పిలవకపోయినా వెళ్ళాల్సిన చోటు

2024 సెప్టెంబరు 27, శుక్రవారం. పొద్దున్న ఏడు కావస్తోంది. షికాగో శివారు నేపర్‌విల్‌లో మా ఇంటి ముందు, కారు డిక్కీలో నాన్న పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, మంచినీళ్ల సీసాలు సర్దుతున్నారు. వెనక సీటు మీద నా నల్ల టోపీ ఉంది. దాని మీద తెల్ల దారంతో కుట్టిన వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు గుర్తు కాస్త రేగిపోయింది.

“ఏరా, ఇవాళ గెలుస్తారంటావా?”

“కష్టమే నాన్నా.”

“ఓడితే?”

“1901 తర్వాత ఒక్క సీజన్లో ఇన్ని ఆటలు ఓడిన జట్టు ఇంకోటి ఉండదు.”

“అది చూడ్డానికి డెట్రాయిట్ దాకా మూడొందల మైళ్లు పోతున్నామన్నమాట.”

నేనేమీ మాట్లాడలేదు. నాన్న డిక్కీ మూత వేసి, ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు. “పెళ్లికి పిలిస్తే వెళ్లాలి. చావుకి పిలవకపోయినా వెళ్లాలి. పోనీ” అన్నారు.

నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్ మాస్టారుగా చేశారు. మే నెలలో మా ఇంటికొచ్చారు. పగలంతా ఊసుపోక, సాయంత్రాలు నాతో కలిసి టీవీలో బేస్‌బాల్ చూడ్డం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఆట పట్టుబడింది. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ముగ్గురు ఔట్, సమానంగా ఉంటే తేలేదాకా ఆడాల్సిందే. ఆయన్ని ఆశ్చర్యపరిచింది లెక్క ఒక్కటే. ఆరు నెలల్లో 162 ఆటలు. అంటే దాదాపు రోజూ ఆటే. క్రికెట్‌లో మన జట్టు ఓడితే నాలుగు రోజులు బాధపడి మరిచిపోవడానికి సందు దొరుకుతుంది. ఇక్కడ అది లేదు. ఈ ఏడాది మా గుమ్మంలోకి పొద్దున్నే పాలప్యాకెట్ వచ్చినట్టు సాయంత్రమయ్యేసరికి ఓటమి వచ్చేది.

షికాగోకి దక్షిణంగా చుట్టూ తిరిగి ఇండియానాలోకి దిగాం. గ్యారీ దగ్గరికొచ్చేసరికి ఎడమవైపు, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉక్కు కర్మాగారాల పొగగొట్టాలు కనిపించాయి. నాన్న అద్దం దించి, “విశాఖలా ఉందిరా” అన్నారు. నేను నా జట్టు గురించి చెప్పడం మొదలుపెట్టింది అక్కడే. ఈ పొగగొట్టాల కింద, షికాగో పశువుల కబేళాల్లో, రైలు యార్డుల్లో చెమటోడ్చిన వాళ్లదే దక్షిణ షికాగో. నగరానికి ఉత్తరాన కబ్స్, దక్షిణాన వైట్ సాక్స్. అమెరికన్ లీగ్ 1901లో పెద్ద లీగ్ అయినప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో మాదొకటి. పాత కొమిస్కీ మైదానం 1910లో తెరిచారు. 1991లో దానికి ఎదురుగా వీధి అవతల ఇప్పటి మైదానం వచ్చింది.

నేను ఈ దేశంలో దిగింది 2005 వేసవిలో. ఆఫీసులో పక్కన కూర్చునే పెద్దాయన ఒక సాయంత్రం తనతో పాటు ఆటకి తీసుకెళ్లాడు. నాకు ఎవరూ తెలియని ఊళ్లో, ఆటేమిటో తెలియకుండా, ముప్పై వేల మందితో కలిసి లేచి నిలబడ్డాను. ఆ అక్టోబరులో వైట్ సాక్స్ హ్యూస్టన్ మీద వరసగా నాలుగు ఆటలు గెలిచి వరల్డ్ సిరీస్ కొట్టింది. 1917 తర్వాత అదే మొదటిసారి. ఆ పెద్దాయన మర్నాడు ఆఫీసుకి రాలేదు. చనిపోయిన తన తండ్రి సమాధి దగ్గరికి వెళ్లి కబురు చెప్పి వచ్చానని ఆ తర్వాతి రోజు చెప్పాడు. పరాయి దేశంలో నాకు ఇల్లు దొరికింది ఆ మాట విన్న రోజే.

మిషిగన్ సరిహద్దు దాటగానే గడియారం ఒక గంట ముందుకి జరిగింది. నాన్న తన హెచ్ఎంటీ వాచీ విప్పి, ముల్లు తిప్పుకుంటూ “ఊరికే గంట పోయిందిరా” అన్నారు. న్యూ బఫెలో దగ్గర ప్రయాణికుల కోసం కట్టిన విశ్రాంతి స్థలంలో బల్ల మీద పులిహోర విప్పాం.

“మూడేళ్ల కిందట బాగానే ఆడారన్నావుగా. అంతలో ఇంత పాడెలా అయ్యారు?”

అంకెలైతే నాకు నోటికొచ్చు. 2021లో 93 గెలిచి మా డివిజన్లో మొదటి స్థానం. 2022లో 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. గాయాలు ఒక పక్క, కుర్రాళ్ల ఎదుగుదల ఆగిపోవడం ఇంకో పక్క. కొన్నాళ్లు ఆగితే జట్టు కుదురుకుంటుందని చెప్పి ఏళ్ల తరబడి మమ్మల్ని ఓపిక పట్టమన్నారు. తీరా ఆ ఫలం రెండు చలికాలాలు దాటలేదు. 2024 సీజన్ ఇంకో రెండు వారాల్లో మొదలవుతుందనగా డిలన్ సీస్ అనే, బంతి విసిరే మంచి పిచ్చర్‌ని శాన్ డియేగోకి ఇచ్చేశారు. ఏప్రిల్ పది రాకముందే లూయిస్ రాబర్ట్, యోయాన్ మొంకాడా గాయాలతో మంచమెక్కారు. మొదటి 25 ఆటల్లో గెలిచింది మూడే. జులై ఆఖరుకి చేతికందిన వాళ్లనల్లా మిగతా జట్లకి ఇచ్చేశారు. ఏడాది ముగిసేసరికి మా వాళ్లు చేసిన పరుగులు 507. మొత్తం 30 జట్లలో అంత తక్కువ ఇంకెవరూ చెయ్యలేదు. ఎదుటి వాళ్లకి ఇచ్చినవి 813.

నాన్న పెరుగన్నంలో మాగాయ ముక్క నంజుకుంటూ విన్నారు. “చేతకాక ఓడేది వేరు. ఓడినా ఫరవాలేదని పైవాళ్లు అనుకోవడం వేరు. పిల్లలకి అది రెండ్రోజుల్లో తెలిసిపోతుంది” అన్నారు.

నా కోపమంతా అక్కడే ఉంది. ఆటగాళ్ల మీద నాకు కోపం లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాళ్లని తయారు కాకుండానే బరిలోకి తోసి, వాళ్లు తడబడితే చూస్తూ కూర్చున్నారు. ఆగస్టు 8న మేనేజర్ పేద్రో గ్రిఫోల్‌ని తీసేశారు. ఇల్లు కూలుతుంటే తలుపు మార్చినట్టయింది. మూడు రోజుల కిందట, మంగళవారం, మా మైదానంలో ఏంజెల్స్‌తో ఆట జరుగుతుంటే “జట్టును అమ్మెయ్యండి” అని జనం కేకలు పెట్టారు. ఆ జనంలో నేనూ ఉన్నాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఆ రాత్రి మా వాళ్లు వెనకబడి కూడా పుంజుకుని 3-2తో గెలిస్తే అంతే గట్టిగా అరిచాను. కోపం, ప్రేమ ఒకే గొంతులోంచి వచ్చాయి. అభిమాని అడిగేది కప్పు కాదు, ఏటా ఎవరో ఒకరే గెలుస్తారని అతనికీ తెలుసు. తన ఇంటి సంగతి ఇంటి పెద్దకి పట్టాలని మాత్రమే అతను అడుగుతాడు.

దారి మళ్లీ తూర్పుకి. పా పా చుట్టుపక్కల ద్రాక్షతోటలు, ఆ తర్వాత కలమజూ, కెలాగ్స్ అటుకుల కంపెనీ పుట్టిన బ్యాటిల్ క్రీక్. కోతకొచ్చిన మొక్కజొన్న చేలు గోధుమరంగుకి తిరిగాయి. మైళ్లు గడుస్తుంటే మేమిద్దరం ఓటములు నెమరేసుకున్నాం. మే 23న బాల్టిమోర్‌తో ఆట ఆఖరి ఇన్నింగ్స్‌లో మా వాళ్లు వెంటపడుతున్నారు. గాల్లోకి లేచిన బంతిని పట్టబోతున్న ఫీల్డర్‌కి మా రన్నర్ ఆండ్రూ వాన్ అడ్డొచ్చాడని అంపైర్ తేల్చాడు. ఒకే బంతికి ఇద్దరు ఔట్, ఆట అయిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశారు. జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరసగా 21 ఓటములు. 1988లో బాల్టిమోర్ పెట్టిన అమెరికన్ లీగ్ రికార్డుతో సమానం. ఆగస్టు 6 రాత్రి ఓక్లండ్‌లో 5-1తో ఆ వరస తెగింది. షికాగోలో అప్పటికి అర్ధరాత్రి కావస్తోంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. సోఫాలోంచి లేచి నాన్నా నేనూ చప్పుడు చెయ్యకుండా చేతులు పట్టుకుని నిలబడ్డాం.

సాయంత్రానికి నోవైలో మా పిన్ని కూతురింట్లో కాఫీ తాగి డెట్రాయిట్ చేరాం. వుడ్‌వర్డ్ అవెన్యూ పొడుగునా నారింజ రంగు అక్షరాల టోపీలే. కొమెరికా పార్క్ గుమ్మం ముందు నోళ్లు తెరుచుకున్న పులుల విగ్రహాలు, వాటి పక్కన పిల్లలు ఫొటోలు తీయించుకుంటున్నారు. మా వాళ్లతో ఆడే డెట్రాయిట్ జట్టు టైగర్స్ కూడా ఆగస్టు 10కి 55 గెలిచి, 63 ఓడి ఉన్న జట్టే. మంచి పిచ్చర్ ఒకణ్ణి అప్పటికే వదులుకున్నారు. అక్కణ్ణుంచి లేచారు. ఇవాళ గెలిస్తే 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్తారు. ఒకే ఆట, ఒక ఇంట పెళ్లి, ఒక ఇంట చావు.

మా వైపు బంతి అందుకున్నది గారెట్ క్రోషే. ఈ పాడు ఏడాదిలో మాకు మిగిలిన వెలుగు ఆ ఎడమచేతి కుర్రాడే. ఈ ఆటతో కలిపి 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ చేశాడు. “వీణ్ణీ పంపించేస్తారేమో” అన్నాను. “ఆడుతున్నంతసేపు చూడు, తర్వాతి మాట తర్వాత” అన్నారు నాన్న.

మా పక్క సీట్లో డెట్రాయిట్ పెద్దాయన ఒకాయన. డెబ్బై దాటి ఉంటాయి. నా టోపీ చూసి చెయ్యి చాపాడు. “నేను 2003లో ఇక్కడే ఉన్నాను” అన్నాడు. అంతకన్నా పరిచయం అక్కర్లేకపోయింది. 2003లో టైగర్స్ 119 ఆటలు ఓడారు. మొన్న ఆదివారం మా వాళ్లు శాన్ డియేగోలో ఓడి దాటేదాకా అమెరికన్ లీగ్‌లో అదే అతి చెడ్డ లెక్క. అంతకు పైన ఉన్నది 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ ఓడిన 120 ఒక్కటే. 2003లో టైగర్స్ చివరి ఆరు ఆటల్లో అయిదు గెలిచి ఆ అంకెని తప్పించుకున్నారు. “ఒకరోజు 0-8 వెనకబడి, 9-8తో గెలిచారు. జనం పెద్దగా లేరు. ఉన్నవాళ్లం ఏడ్చాం” అన్నాడాయన. మూడేళ్లు తిరిగేసరికి, 2006లో, అదే జట్టు వరల్డ్ సిరీస్ ఆడింది.

నాన్నకి తెలుగులో చెప్పాను. “ఐపీఎల్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ సంగతీ అంతేగా. 2008లో పద్నాలుగు ఆడితే గెలిచింది రెండు. మరుసటేడు కప్పు తెచ్చారు” అన్నారు. కాసేపాగి, “ఊరికే లేవలేదులే. ఎవరో కూర్చుని పట్టించుకుని ఉంటారు” అన్నారు.

చీకటి పడ్డాక ఆట మా చేతుల్లోంచి జారింది. చివరికి 4-1. నలభై వేల పైచిలుకు జనం ఒక్కసారిగా లేచారు. టైగర్స్ మైదానంలోకి ఉరికి ఒకరి మీద ఒకరు పడ్డారు. 39 గెలుపులు, 121 ఓటములు. నా జట్టు పేరు ఇక ఆ అంకె పక్కనే ఉంటుంది.

నేను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. వెళ్దామన్నట్టు చూశాను. నాన్న కదల్లేదు. జనమంతా ఒక వైపు చూస్తుంటే ఆయన మా డగౌట్ వైపు చూస్తున్నారు. మా వాళ్లు గ్లవ్స్, బ్యాట్లు తీసుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. “ఆఖరి పిల్లాడు లోపలికి పోయేదాకా మాస్టారు మైదానం వదలకూడదురా” అన్నారు. ఆఖరి ఆటగాడు మెట్లు దిగాక నాన్న రెండు చేతులూ కలిపి నాలుగుసార్లు చప్పట్లు కొట్టారు. ఆ హోరులో ఎవరికీ వినిపించి ఉండదు. పక్కనున్న పెద్దాయన చూశాడు. తన జట్టు సంబరం వదిలి, మాతో పాటు మా డగౌట్ వైపు తిరిగి ఆయనా కొట్టాడు.

మర్నాడు నోవైలో భోంచేసి వెనక్కి బయల్దేరాం. కారులో రేడియో పెట్టాను. మా వాళ్లకి వచ్చేదీ పోయేదీ లేని ఆట అది. మా వాళ్లు గెలిచారు. బ్యాటిల్ క్రీక్ దగ్గర పెట్రోలు పోయించుకుంటూ నాన్న మళ్లీ మళ్లీ స్కోరు చెప్పించుకున్నారు. ఆదివారం కూడా గెలిచి, 41-121 దగ్గర ఏడాది ముగించారని ఇంటికొచ్చాక చూశాం. వారంలో ముందు ఏంజెల్స్ మీద మూడుకి మూడు, ఇప్పుడు డెట్రాయిట్‌లో రెండు. ఆఖరి ఆరు ఆటల్లో అయిదు. 2003లో టైగర్స్ గెలిచినన్నే. మమ్మల్ని పట్టించుకోవాల్సిన వాళ్లు వదిలేసినా, ఆ కుర్రాళ్లు ఆట వదల్లేదు. నేను చూడ్డానికి వెళ్లింది ఓటమిని, చూసొచ్చింది ఇది.

శనివారం సాయంత్రం, ఎదురెండలో ఇండియానా సరిహద్దు దాటాం. నాన్న వాచీ విప్పి ముల్లు వెనక్కి తిప్పుకున్నారు.

“పోయిన గంట తిరిగొచ్చిందిరా” అన్నారు. కొంచెంసేపు ఆ వాచీనే చూస్తూ, “ఓడినవి మాత్రం ఇలా తిప్పితే రావు. మళ్లీ ఆడాల్సిందే” అన్నారు. “నవంబరులో నేను వెళ్లిపోతాను. వచ్చే ఏడు మొదటి ఆట ఎప్పుడు?”

“మార్చి ఆఖర్లో, మన మైదానంలోనే.”

“చలిగా ఉంటుంది. స్వెట్టర్ వేసుకుని వెళ్లు.”