ఓరుగల్లు కోట - చందమామ ప్రదక్షిణం

వరంగల్లు చూడబోయేవారు కాజీపేటలోనో, వరంగల్లులోనో రైలు దిగి, హనుమకొండ వేయిస్తంభాల గుడి చూసుకొని, ఖిల్లాకు పోయి, కీర్తితోరణాల నడుమ నిలబడి ఫోటో తీయించుకొని తిరిగివస్తారు. శిల్పం కన్నులపండుగే. కాని చూసిన కోట వీసమెత్తు మాత్రమే సుమండీ!

కోట అసలు రూపం నేలమీద నిలబడినవారికి అందదు. రాతిగోడ, దాని చుట్టూ అగడ్త, ఆ వెలుపల మట్టికోట - ఇవన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంనాటి రాతి వలయం అడ్డుకొలతే రమారమి కిలోమీటరుంబావు. దగ్గరకు వెళ్లినవారికి మట్టికోట తుప్పలు మొలిచిన దిబ్బలాగా కనిపిస్తుంది. అదే ఉపగ్రహం తీసిన పటంలో చూడండి: పళ్లెంలో పళ్లెం పెట్టినట్టు గుండ్రంగా కోట మొత్తం తేలుతుంది. నడిమధ్యన, నాలుగు దిక్కులకూ నాలుగు తోరణాలు!

చందమామ సంగతీ ఇంతే. తరతరాలుగా చూస్తూనే ఉన్నాం, కాని ఎప్పుడూ ఒకే ముఖం. రెండవ ముఖాన్ని 1959 అక్టోబరు 7న రష్యావారి లూనా-3 మొదటిసారి ఫోటో తీసింది. సరిగ్గా మూడు రోజులకు, అక్టోబరు 10న, నెహ్రూగారు వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. అదే నేటి ఎన్.ఐ.టి.

మన వంతు 2008 అక్టోబరు 22న వచ్చింది. శ్రీహరికోటనుంచి బయలుదేరిన చంద్రయాన్-1, చంద్రునికి వంద కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా, సుమారు రెండు గంటలకొక చుట్టు తిరిగింది. అది చుట్లు తిరుగుతూంటే, కింద చంద్రుడు తనచుట్టూ తాను మెల్లగా తిరుగుతాడు. కొత్తవాడ నేతగాళ్ల ఇళ్లలో నూలు ఉండ చుట్టడం చూశారా? ఉండను కొంచెం కొంచెంగా తిప్పుతూ చుడితే దారం అంతటినీ కప్పుతుంది. అట్లాగే నౌక చూపు చంద్రుణ్ణంతటినీ కప్పుతుంది.

నేలపై పడి తిరిగివచ్చే ఎండలో ఏ రంగు కాంతి తగ్గిందో చూసి, అక్కడి పదార్థమేదో చెప్పవచ్చు. చంద్రయాన్-1లో అమెరికావారు అమర్చిన పరికరం ఈ పద్ధతిలోనే చంద్రుని మట్టిలో నీటి జాడ పట్టింది. ఆ వార్త 2009 సెప్టెంబరులో వెలువడింది. అప్పటికే, ఆగస్టు 29న, నౌక మూగపోయింది. అయినా అది పంపిన కొలతలనే మళ్లీ శోధించి, ధ్రువాల దగ్గర ఎండ సోకని గుంటల్లో మంచుగడ్డ ఉన్నదని 2018లో తేల్చారు. నౌక పోయినా దాని చూపు పోలేదన్నమాట!

2019లో చంద్రయాన్-2 దింపిన విక్రమ్ కూలిపోయింది. ఇళ్లలో ఆ రాత్రి మేలుకొని చూసినవారెందరో ఉసూరుమన్నారు. కాని పైన తిరిగే నౌక తన పని మానలేదు. రాళ్లూ గుంటలూ స్పష్టంగా చూపే దాని ఫోటోలు, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటును ఎంచడానికి అక్కరకు వచ్చాయి. దిగేవాడికి ధైర్యం ఎంత అవసరమో, ముందుగా చుట్టూ తిరిగి చూసినవాడి ఓపికా అంతే అవసరం.

నీరు ఏ పల్లంలో నిలుస్తుందో కాకతీయులకు బాగా తెలుసు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులే సాక్ష్యం. ఇప్పుడు మన చెరువులనూ కోటలనూ పైనుంచి చూపే పటాలు ఇస్రోవారి 'భువన్'లో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. మట్టికోటలో ఒక ముక్క ఏ ఇంటి పునాదికో పోతే దారినపోయేవారు గుర్తించరు. పటంలో మాత్రం వలయం తెగినట్టు ఇట్టే తెలిసిపోతుంది. తెగినచోటు తెలిస్తేగదా, మిగిలినది కాపాడుకోగలిగేది!

ఈసారి వరంగల్లు వెళ్లేముందు పిల్లలను కూర్చోబెట్టుకొని ఆ పటం చూడండి. తర్వాత మట్టికోట పక్కగా నాలుగడుగులు నడిచి, అది ఏ వైపు వంపు తిరుగుతున్నదో వాళ్లనే చెప్పమనండి.