ముందు గది కుర్చీలు

నాన్న పోయాక తెనాలి ఇల్లు ఖాళీ చేసినప్పుడు, అమ్మతోపాటు హైదరాబాదు వచ్చిన సామానులో రెండు టేకు కుర్చీలున్నాయి. సీటుకీ వీపుకీ కొబ్బరిపీచు, దాని మీద దూది, పైన మందపాటి నూలు గుడ్డ. ఒకప్పుడది మెరూన్ రంగట. నాకు ఊహ తెలిసేసరికే ఇటుకపొడి రంగులోకి దిగింది. నాన్న పొద్దున ఒకదాంట్లో, సాయంత్రం ఇంకోదాంట్లో కూర్చునేవారు, వెలుగు ఎటుంటే అటు. అందుకని రెండింటికీ తల ఆనే చోట అరచేయంత నూనె మరక.

ఆ కుర్చీల గురించి నేనొకసారి రాశాను. నా పరిశోధన స్త్రీల కథల్లో ఇంటి లోపలి స్థలం మీద. ముందు గది ఎవరిది, వంటిల్లు ఎవరిది, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడే మనిషి ఎవరు అన్న చర్చ. అంకితం పేజీలో "ముందు గది కుర్చీలో ఏనాడూ కూర్చోని అమ్మకి" అని రాసుకున్నాను. వైవాకి వచ్చిన ఎగ్జామినర్ ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది. అమ్మ ఎప్పుడూ పీట మీదే, లేదంటే వంటింటి గుమ్మానికి ఆనుకునే. పక్కింటి పిన్నిగారొచ్చినా ఇద్దరూ గచ్చు మీదే. కుర్చీలు నాన్నవి, నాన్న కోసం వచ్చేవాళ్ళవి. ఇందులో అర్థం కానిదేముంది అనుకున్నాను.

ఇప్పుడు అమ్మకి అరవై ఆరు. మోకాళ్ళు అరిగాయి. కింద కూర్చోవద్దన్నారు డాక్టరు. కుర్చీలు ఎదురుగా ఉన్నా అమ్మ మంచం అంచునే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంది. నాకు పట్టుదల వచ్చింది. నాన్న పోయినా ఈ కుర్చీలు నాన్నవిగానే ఉంటే ఎలా?

కొత్త గుడ్డ వేయించడానికి సోఫాలు కుట్టే అతను చెప్పిన ధర, ఎప్పుడొస్తుందో తెలియని నా ప్రాజెక్టు జీతానికి అందేది కాదు. రంగు వేద్దామనుకున్నాను. గుడ్డకి రంగు వెయ్యడం మనలో చాలామందికి కొత్త కాదు. ఇంటర్ సెలవుల్లో మా వీధి ఆడపిల్లలందరం ఫ్యాబ్రిక్ పెయింటింగ్ క్లాసుకి వెళ్ళాం. దిండు గలీబులు, టీవీ మీద కప్పే గుడ్డ, చీర అంచులు. మగపిల్లలు ఎంసెట్ కోచింగుకి, మేం రంగుల క్లాసుకి. యూనివర్సిటీకొచ్చాక ఆ విద్య వచ్చని ఎవరికీ చెప్పుకోలేదు. ఇల్లలుకుతూ తన పేరే మరిచిపోయిన ఆవిడ కథ, పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే', చదివినప్పటి నుంచీ ఇల్లు అందంగా పెట్టుకోవడమంటేనే నాకు అనుమానం.

అయితే కుర్చీ గుడ్డ దిండు గలీబు లాంటిది కాదు. ఊడదీసి ఉతకలేం, వెనక నుంచి ఇస్త్రీ పెట్టలేం. మొదట సీటు అడుగున, కనపడని చోట, రంగు చిక్కగా పూసి చూశాను. ఎండాక రెక్సీనులా బిరుసెక్కి, వంచితే పగిలింది. తర్వాత పద్ధతి దొరికింది. ముందు గుడ్డ మీద నీళ్ళు చిలకరించాలి. యాక్రిలిక్ రంగులో గుడ్డలకి వాడే మీడియం కలిపి, పల్చటి మజ్జిగలా చేసుకోవాలి. తొలి పూతని నేత పీల్చుకుంటుంది, వేసినట్టే ఉండదు. పూర్తిగా ఆరాక సన్నని ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దితే నిక్కిన నూగు అణుగుతుంది. అప్పుడు రెండో పూత, మళ్ళీ ఆరబెట్టడం, మళ్ళీ రుద్దడం, మూడోది. ముదురు గుడ్డ మీద లేత రంగు నిలవదు కాబట్టి నెమలికంఠం రంగు తెచ్చాను.

సీటు బాగానే వచ్చింది. వీపు దగ్గర ఆగిపోయాను. నూనె మరక మీద రంగు పట్టకుండా పూసలు పూసలుగా జారిపోయింది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డని ముందే కరక్కాయ కలిపిన పాలల్లో ముంచుతారు, రంగు దారంలోకే దిగుతుంది. ఈ డబ్బా రంగు అలా దిగేది కాదు. అందులోని జిగురు రంగుపొడిని దారం పైన పట్టి ఉంచుతుంది, అంతే. జిడ్డుంటే పట్టు దొరకదు.

"ఆ నూనె తియ్యకుండా ఎంత పూసినా అంతేనే," అంది అమ్మ మంచం మీంచి. లేచొచ్చి, మరక మీద మొహానికి రాసుకునే పౌడరు మందంగా జల్లి రాత్రంతా వదిలేసింది. పొద్దున దులిపి కుంకుడు నురుగుతో తుడిచింది. నురుగు మాత్రమే, నీళ్ళు దూదిలోకి దిగకుండా. అలా మూడు రోజులు. "ఆయన నూనె మరకలు నాకు కొత్తా? ఎన్ని గలీబులు ఉతకలేదు!" అంది నవ్వుతూ. ఆ సాయంత్రం బాత్రూములో కుళాయి చాలాసేపు పోతూనే ఉంది. నేనేమీ అడగలేదు.

పూతకీ పూతకీ మధ్య ఖాళీలో వెనెస్సా బెల్ గుర్తొచ్చింది. వర్జీనియా వుల్ఫ్ అక్క. 1916లో ససెక్స్‌లోని చార్ల్‌స్టన్ అనే పల్లెటూరి ఇంట్లో చేరి, డంకన్ గ్రాంట్‌తో కలిసి తలుపులకీ, బల్లలకీ, గోడలకీ రంగులేసింది. చెల్లెలు 1929లో 'తనకంటూ ఒక గది' కావాలని రాసింది, ఆ పుస్తకాన్ని మనం ఎన్నిసార్లు ఉదహరించామో లెక్కలేదు. గదిలో సామానుకి రంగులేసిన అక్కకి నా థీసిస్‌లో ఒక్క పాదసూచిక కూడా లేదు. డంకన్ గ్రాంట్ కుర్చీ గుడ్డలకి డిజైన్లు గీస్తే, వాటిని కుట్టింది వాళ్ళమ్మ ఎథెల్. ఆవిడ ఏ కుర్చీలో కూర్చుని కుట్టేదో మరి.

నాలుగో రోజు తడి పూర్తిగా ఆరాక, "కూర్చో అమ్మా," అన్నాను. నా మాట తీసెయ్యలేక కూర్చుంది. పాదాలు నేలకి నాలుగంగుళాల పైన వేలాడాయి.

"అదిగో, అందుకే," అంది.

"ఏది?"

"కాళ్ళందవే. కాసేపు కూర్చుంటే తొడల కింద తిమ్మిరి. పెళ్ళైన కొత్తలో కూర్చుని చూశాను. వడ్రంగి మీ నాన్నని కూర్చోబెట్టి కొలుచుకున్నాడు. ఆయన ఆరడుగుల మనిషాయె."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా? పుస్తకంలో రాసేసుకున్నావుగా."

అమ్మ అంకితం ఒక్కటే చదివిందనుకున్నాను. రెండో అధ్యాయం దాకా చదివిందట. "నా మీద జాలి కలిగేలా బాగా రాశావు," అంది. అందులో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వడ్రంగి నాన్న కాళ్ళనే కొలవడం కూడా పితృస్వామ్యమే కదా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధమేమీ కాదు. కానీ అణగారినవాళ్ళు మాట్లాడగలరా అని స్పివాక్ 1988లో అడిగిన ప్రశ్నని రెండేళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. ఇంట్లో ఉన్న మనిషిని, కుర్చీలో ఎందుకు కూర్చోవు అని ఒక్కసారీ అడగలేదు. జవాబు నాకు ముందే తెలుసనుకున్నాను, ఆ జవాబు నా అధ్యాయానికి సరిగ్గా సరిపోయింది కూడా.

కుర్చీ కాళ్ళు కోయిద్దామన్నాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎత్తు కుర్చీలోంచి లేవడమే సులువట, డాక్టరు వద్దన్నారు. అమ్మే వంటింట్లోంచి తన పాత పీట తెచ్చి పాదాల కింద వేసుకుంది. ఇప్పుడు చిక్కుళ్ళు అక్కడే ఒలుస్తోంది. రంగు కాస్త బిరుసుగానే ఉంది, ఎండాకాలం చెమటకి ఎలా ఉంటుందో చూడాలి.

థీసిస్ పుస్తకంగా వస్తోంది. ప్రూఫులు బల్ల మీద ఉన్నాయి. అంకితం మార్చనా అని అడిగితే, "అచ్చులో డబ్బు దండగ కాకపోతే మార్చు. కాళ్ళందలేదని రాయి," అంది. ఎలా రాసినా నా వాక్యంలాగే ఉంటోంది. మూడుసార్లు కొట్టేశాను.

రెండో కుర్చీకి ఇంకా రంగు వెయ్యలేదు. డబ్బాలో సగం మిగిలే ఉంది. దాని మరక మీద పౌడరు జల్లబోతే అమ్మ వద్దంది. ఎందుకని ఈసారి అడిగాను.

"అది అలా ఉండనీ," అంది.