గోడల మీది పొరుగువారు

జూబిలీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు సాగితే ఒకచోట ఎత్తైన ప్రహరీల బంగళాలు, మరోచోట రేకుల ఇళ్ళ బస్తీలు కనిపిస్తాయి. మనుషులను వేరుచేసే ఆ గోడలను పిల్లులు మాత్రం నిస్సంకోచంగా దాటుతాయి. సినీనటులు అమల, నాగార్జున దంపతులు 1992లో నెలకొల్పిన బ్లూ క్రాస్ సంస్థ జూబిలీహిల్స్ కేంద్రంగానే గాయపడిన మూగజీవాలను ఆదుకుంటూ వచ్చింది.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ళ వద్దకు పిల్లి వస్తే, అది తాగేందుకు వీలుగా పాత్రను వంచారు. పిల్లి అశుద్ధం కాదని, మన చుట్టూ తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (స) బోధించినట్లు వివరించారు. పిల్లిని బంధించి చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు హెచ్చరిస్తున్నాయి. ఆమె దానికి తిండి పెట్టలేదు. నేలమీది పురుగూపుట్రా తిని బతికేందుకు వదలనూ లేదు.

నేలంతా సిమెంటు పరచుకున్న ఈ కొండల్లో వదిలేయడం ఒక్కటే సరిపోదు. వాటి నేలను మనం ఆక్రమించాం. కనుక వాటి దాహం తీర్చే బాధ్యతా మనదే. వేసవిలో గుమ్మం పక్కన మట్టిమూకుడులో నీళ్ళు ఉంచుదాం. తిండి పెట్టిన చోటును శుభ్రపరచి పొరుగువారి హక్కునూ కాపాడుదాం. బంగళావాసులకూ బస్తీవాసులకూ ఈ పుణ్యం సమానంగానే అందుబాటులో ఉంది.